రఫ్‌లో ఉన్న ఊపు ఫైనల్‌కొచ్చేసరికి ఎందుకు పోతోంది?

గోదారిగట్టు
రాజమండ్రి రేవుల్లో కూర్చుని వేసే పెన్సిల్ రఫ్‌లు బాగానే వస్తున్నాయి. పడవ వంపు, బుట్ట ఎత్తుకున్న మనిషి నడుము, తాడు లాగుతున్న చేతులు, అన్నీ నాలుగు గీతల్లో పడిపోతాయి. అదే బొమ్మ ఇంటికొచ్చి పెద్ద షీటు మీద వేద్దామని కూర్చుంటే బిగుసుకుపోతున్నాను. ఫోన్‌లో తీసిన ఫోటో పక్కన పెట్టుకుంటాను. గళ్లు గీసుకుని కొలతలు దించుతాను. కొలతలన్నీ సరిగ్గా కుదురుతాయి, బొమ్మలో మాత్రం ప్రాణం ఉండదు. ఇంట్లోవాళ్లు కూడా ఫైనల్ పక్కన పెట్టి రఫ్‌నే చూస్తున్నారు.
అందరూ "ఆలోచించకుండా వెయ్యి, చేతిని వదిలెయ్" అంటారు. వదిలెయ్యడం అంటే అసలు ఏం చెయ్యాలి? నూనె రంగులైనా, నీటి రంగులైనా, బొగ్గయినా సరే, మీరు నిజంగా చేసి చూసినవి చెప్పండి.

చార్కోల్_చిట్టి
ముందు రబ్బరు ఎవరికైనా ఇచ్చేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

హయ్యర్‌పాస్_టీచర్
చిట్టి గారూ, అంత తేలిక కాదండీ. నేను డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రెండూ రాసి బడిలో పాతికేళ్లుగా చెబుతున్నాను. చేతికి పట్టు రాని పిల్లల దగ్గర రబ్బరు లాక్కుంటే భయపడి గీత గీయడమే మానేస్తారు. కొలత, నిష్పత్తి, పర్‌స్పెక్టివ్ ఒంటబట్టాక వచ్చేదే స్వేచ్ఛ. ముందే స్వేచ్ఛ అంటే గజిబిజి వస్తుంది.

చార్కోల్_చిట్టి
ఆయన పిల్లాడు కాదు కదా టీచర్ గారూ. కొలతలు కుదురుతున్నాయని ఆయనే రాశారు. పట్టు ఉంది, అది ఎక్కువై బిగిసింది.

తడి_కాగితం
మీరు అడిగినది రెండు వందల ఏళ్ల నాటి బాధ. ఇంగ్లండులో జాన్ కాన్‌స్టబుల్ ఆరడుగుల కాన్వాసులు వేసే ముందు అంతే సైజులో నూనె రంగుల రఫ్ కూడా వేసుకునేవాడు. వాగులో గడ్డిబండి బొమ్మ ఫైనల్ 1821లో రాయల్ అకాడమీలో పెట్టాడు. అది ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దాని ఫుల్ సైజు రఫ్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పక్కపక్కన పెట్టి చూడండి. రఫ్‌లో ఆకులు ఆకుల్లా లేవు, కత్తితో, కుంచెతో కొట్టిన దెబ్బల్లా ఉన్నాయి. ఈ కాలం వాళ్లలో చాలామందికి ఆ రఫే నచ్చుతుంది, నాకూ అంతే.
అదే మనిషి 1821, 22ల్లో హాంప్‌స్టెడ్‌లో మేఘాలు వేశాడు. చిన్న చిన్న కాగితాల మీద నూనె రంగులు, వెనక తేదీ, టైము, గాలి ఎటు వీస్తోందో రాసుకున్నాడు. మబ్బు ఆగదు కాబట్టి చెయ్యి ఆగే వీల్లేదు. ఫోటోలో మబ్బు ఆగిపోయి ఉంటుంది. మీ చెయ్యి బిగుసుకోవడానికి సగం కారణం అదేనని నా అనుమానం.

పిక్సెల్_పాండు
ఫోటోని తిట్టకండి బ్రో. ట్యాబ్ మీద వేసేవాళ్ల బాధ ఇంకా పెద్దది. రెండు వేళ్లు తట్టితే గీత మాయం. ఒక్క కనుబొమ్మ కోసం గంట సేపు గీసి తీసి, గీసి తీసి, చివరికి మొదటిదే బాగుందని తెలుస్తుంది, అప్పటికి అది ఉండదు. నేను ఇప్పుడు అన్‌డూ సైగను సెట్టింగ్స్‌లో ఆపేశాను. గీతను నున్నగా చేసే స్ట్రీమ్‌లైన్ కూడా సున్నాకి దించాను. వణుకు కనిపిస్తోంది కానీ ఆ వణుకు నాది.

చార్కోల్_చిట్టి
చూశారా, నా రబ్బరు మాటే పాండు ట్యాబ్ భాషలో చెప్పాడు.

కాళాస్తి_కలం
మాది శ్రీకాళహస్తి, ఇంట్లో కలంకారీ పనే. ఇక్కడ రబ్బరు అన్న మాటే లేదు, కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను.
బట్టను కరక్కాయ పిండి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతాం. పాలు ఎందుకంటే సిరా పాకకుండా ఉంటుంది. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో పైపైన జాగా గుర్తులు పెట్టుకుంటాం. తల ఇక్కడ, మోకాలు ఇక్కడ, అంతే. ఆ తర్వాత కసిం. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెట్టిన నీళ్లు. కరక్కాయ పీల్చిన బట్టను తాకగానే నల్లగా పట్టేస్తుంది, ఇక దాన్ని ఎవరూ తియ్యలేరు.
కలం అంటే మొన చెక్కిన వెదురు పుల్ల. మొనకు కాస్త పైన ఉన్నో, గుడ్డో చుట్టి దారంతో బిగిస్తాం. సిరా ఆ చుట్టలో నిలుస్తుంది. వేళ్లతో ఎంత నొక్కితే అంత దిగుతుంది. గీత మధ్యలో "ఇటా, అటా" అని ఆగారంటే అక్కడ చుక్క ఊరుతుంది, చూసిన ప్రతివాడికీ మీరు ఎక్కడ ఆగారో తెలిసిపోతుంది. అందుకని గీత మొదలుపెట్టక ముందే దాని చివర ఎక్కడో కళ్లతో చూసుకుంటాం. చూపు చివరి మీద, చెయ్యి దారిలో. చెయ్యి వెళ్తున్న చోటే చూస్తే గీత వంకర పోతుంది.
నేర్పేటప్పుడు మా పెదనాన్న ముందు దేవుళ్ల బొమ్మలు ఇవ్వలేదు. అంచుల్లో లతలు, తర్వాత కళ్లు, తర్వాత చేతివేళ్లు. అదే కన్ను పేజీలకు పేజీలు. విసుగొచ్చేది. కానీ ఇవాళ సీతమ్మ కన్ను వేస్తుంటే నేను కన్ను గురించి ఆలోచించను, ఆమె ఎటు చూస్తోందో ఆలోచిస్తాను. టీచర్ గారు చెప్పిందీ నిజమే, చిట్టి గారు చెప్పిందీ నిజమే. మా దగ్గర రెండూ ఒకే రోజున మొదలవుతాయి. లత నేర్చుకునే మొదటి రోజు కూడా చేతిలో ఉండేది కలమే, పెన్సిల్ కాదు.

గోదారిగట్టు
"చూపు చివరి మీద, చెయ్యి దారిలో." ఇది రాసి బోర్డుకి పిన్ కొట్టాను. కలం గారూ, బొగ్గు గుర్తులు ఎంత వరకు పెడతారు? నేను బొగ్గుతోనే బొమ్మంతా పూర్తి చేసేస్తాను, ఇక రంగుకి మిగిలేది నింపడమే.

కాళాస్తి_కలం
అదే మీ చిక్కు. మేం జాగా మాత్రమే పెడతాం. ముక్కు చెవులు బొగ్గుతో వెయ్యం. బొగ్గుతో అన్నీ తేల్చేస్తే కసిం గీత దాని మీద కాపీ అవుతుంది. తేల్చాల్సినది కొంత చివరి గీతకి మిగలాలి.

నలుపుతెలుపు_నిజామాబాద్
నాకు ఈ చర్చ మొత్తం తలకిందులుగా కనిపిస్తోంది. బొమ్మ ఏదో ఒకదానిలా ఉండాలని పట్టుబట్టినంత కాలం బిగుసుకుపోతూనే ఉంటారు. పడవ వద్దు, మనిషి వద్దు. పెద్ద కుంచె, నల్ల రంగు, కాగితం. ఏం వస్తుందో చూడండి. 1920ల్లో పారిస్‌లో ఆంద్రే మాసోన్ అనే చిత్రకారుడు అలాగే చేశాడు, ఏం గీయాలో ముందు అనుకోకుండా కలాన్ని పరిగెత్తించి, గీతల్లోంచి ఏది పైకి వస్తే దాన్ని పట్టుకున్నాడు. అమెరికాలో ఫ్రాంజ్ క్లైన్ నల్లటి పెద్ద పెద్ద పట్టీలు చూడండి. ఒక్క ఊపులో కొట్టినవి.

తడి_కాగితం
క్లైన్ విషయంలో కాస్త ఆగండి అన్నా. ఆ పట్టీలు చాలా వరకు ముందే చిన్న కాగితాల మీద వేసుకున్నవి. పాత టెలిఫోన్ డైరెక్టరీ పేజీల మీద సిరాతో బోలెడన్ని స్కెచ్‌లు వేసి, అందులో నచ్చినదాన్ని కాన్వాసు మీదికి పెంచేవాడు. తెల్ల రంగు కూడా ఖాళీ కాదు, నలుపు మీదికి తెచ్చి అంచులు దిద్దాడు. అయినా చూసేవాళ్లకి ఒక్క ఊపులా అనిపిస్తుంది. నాకైతే దానివల్ల ఆయన మీద గౌరవం పెరిగింది.

నలుపుతెలుపు_నిజామాబాద్
అది తెలుసు. కానీ ఆ డైరెక్టరీ కాగితం మీద వేసినప్పుడు ఊపు నిజమే కదా? పారేసే కాగితం కాబట్టి చెయ్యి భయపడలేదు. నా మాట అదే. ఊపు ఎక్కడో ఒకచోట పుట్టాలి. ఖరీదైన షీటు మీద పుట్టదు.

హయ్యర్‌పాస్_టీచర్
ఇది మాత్రం ఒప్పుకుంటాను. పిల్లలకి కొత్త డ్రాయింగ్ బుక్ ఇచ్చిన రోజు బొమ్మలు బిగుసుకుంటాయి. పాత పరీక్ష పేపర్ల వెనక వేసినవి బాగుంటాయి.

డల్లాస్_దీప
నేను ఇక్కడ ఆదివారాలు లైఫ్ డ్రాయింగ్‌కి వెళ్తాను. మోడల్ మొదట ముప్పై సెకన్లకో పోజు మారుస్తుంది. తర్వాత నిమిషం, రెండు నిమిషాలు, చివరికి ఇరవై నిమిషాలు. ముప్పై సెకన్లలో ముక్కు వెయ్యలేరు, వేళ్లు వెయ్యలేరు. బరువు ఏ కాలి మీద ఉంది, వెన్ను ఎటు వంగింది, అంతే పడుతుంది. న్యూస్‌ప్రింట్ మీద, నిలబడి, బొగ్గును అడ్డంగా పట్టుకుని, భుజం నుంచి. వేళ్లతో పట్టుకుంటే వేళ్లంత బొమ్మే వస్తుంది.
ఇలా జెస్చర్ (ఇప్పుడు చెప్పిన ఉరుకు గీతలే), కాంటూర్ అని రెండు సాధనలూ పక్కపక్కన పెట్టి నేర్పే పద్ధతిని న్యూయార్క్‌లో కిమన్ నికొలాయిడిస్ అనే టీచర్ బాగా వ్యాప్తిలోకి తెచ్చాడు. కాంటూర్ అంటే కాగితం చూడకుండా, కన్ను అంచు వెంట చీమలా పాకుతుంటే చెయ్యీ అంతే నెమ్మదిగా పాకాలి. ఒకటి ఉరుకు, ఒకటి నడక. నాకు రెండోదే ఎక్కువ పనికొచ్చింది. వేగంగా వేస్తే చేతికి అలవాటైన గీతలే వస్తాయి, అందరి ముక్కులూ ఒకేలా. నెమ్మదిగా, కాగితం చూడకుండా వేస్తే నేను ఎప్పుడూ వెయ్యని గీత వచ్చింది.

పిక్సెల్_పాండు
దీప అక్కా, ఇది కొత్త పాయింట్. స్పీడు అంటే సహజం అని అందరం అనుకుంటున్నాం.

డల్లాస్_దీప
అవును పాండూ. ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ బొమ్మ వేస్తుండగా 1946లో సినిమా తీశారు. అందులో కొంత భాగం స్లో మోషన్. మామూలుగా చూస్తే కుంచె టకటకా పడినట్టు ఉంటుంది. స్లో మోషన్‌లో చెయ్యి గాలిలో ఇటూ అటూ తిరుగుతుంది, కాగితం దగ్గరికి వచ్చి వెనక్కి పోతుంది, ఆ తర్వాతే దిగుతుంది. ఆయన కలంతో ఒక్క గీతలో వేసే ముందు అదే మొహాన్ని బొగ్గుతో గంటల తరబడి వేసుకునేవాడు. ఆ బొగ్గు బొమ్మ పక్కన పెట్టేసి, కొత్త కాగితం మీద కలంతో మొదలుపెట్టేవాడు.

హయ్యర్‌పాస్_టీచర్
కొత్త కాగితం మీద! గోదారిగట్టు గారూ, ఇది పట్టుకోండి. దించడం కాదు, మళ్లీ వెయ్యడం.

ముగ్గు_మాధవి
ఇంతసేపు చదివాను. పొద్దున్నే వాకిట్లో జరిగేది ఎవరూ చెప్పట్లేదే! మా అత్తగారు ధనుర్మాసంలో వేసే మెలిక ముగ్గు చూడాలి మీరు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జారాలి. చెయ్యి జోరుగా వెళ్తే గీత సన్నం, నెమ్మదిస్తే లావు, ఆగితే కుప్ప. చుక్కలు పెట్టడం మటుకు ఎంతో జాగ్రత్త, కింద అడుగులతో కొలుస్తారు. చుక్కలయ్యాక ఇక కొలత లేదు. వంగి ఉన్న మనిషి వెనక్కి నడుస్తూ, మెలిక ఎక్కడ తిరగాలో అక్కడ తిప్పేస్తారు. నేను అడిగితే "చుక్క పిలుస్తుంది, చెయ్యి వెళ్తుంది" అంటారు.
ఒకసారి మధ్యలో సైకిల్ తొక్కేసింది. ఆవిడ చెరిపి మళ్లీ వెయ్యలేదు. ఆ టైరు గీతను కలుపుకుని పక్కకి ఒక తీగ లాగి, దానికి మూడు ఆకులు పెట్టారు. ఆ రోజు వీధిలో ఆ ముగ్గే బాగుందన్నారు.

చార్కోల్_చిట్టి
సైకిల్‌వాడికి కూడా క్రెడిట్ ఇవ్వాలి.

కాళాస్తి_కలం
మాధవి గారూ, మా బొగ్గు గుర్తులూ మీ చుక్కలూ ఒకటే పని చేస్తున్నాయి. ఎక్కడ గట్టిగా ఉండాలో అక్కడ కొలత, మిగతా చోట వదులు.

నలుపుతెలుపు_నిజామాబాద్
సరే, చుక్కలకి ఓటు వేస్తాను. నా కాగితానికి కూడా నాలుగు అంచులు ఉంటాయి, అవే నా చుక్కలు.

తడి_కాగితం
నీటి రంగుల సంగతి చెప్పమన్నారు కదా. నేను ఉండేది విశాఖలో. ఇక్కడి ఉక్కలో తడి కాగితం త్వరగా ఆరదు, ఆ ఆరకపోవడమే నాకు గురువు. 300 జీఎస్‌ఎమ్ కోల్డ్ ప్రెస్డ్ కాగితాన్ని (మందంగా, కాస్త గరుకుగా ఉంటుంది) రెండు వైపులా తడిపి బల్ల మీద పరుస్తాను. పక్క నుంచి చూస్తే మొదట అద్దంలా మెరుస్తుంది. అప్పుడు రంగు వేస్తే ఎటు పోతుందో ఆ రంగుకే తెలియాలి. మెరుపు తగ్గి పట్టులా కనిపిస్తున్నప్పుడు వేస్తే అంచు మెత్తగా ఆగుతుంది. కొండలు, దూరంగా ఓడ అప్పుడే. మెరుపు పూర్తిగా పోయాక, లోపల మాత్రం తడి ఉన్నప్పుడు నీళ్ల కుంచె పెట్టారో, రంగు వెనక్కి తన్ని క్యాలీఫ్లవర్ పువ్వులా విచ్చుకుంటుంది. చాలామంది దాన్ని చూసి హడావుడిగా అద్దుతారు. నేను దాన్ని చెట్టు చేస్తాను, అల నురుగు చేస్తాను, లేదంటే అలాగే వదిలేస్తాను.
ఇందులో ఆలోచన ఉంది, కానీ బొమ్మ ఎలా రావాలి అన్నది కాదు. ఇప్పుడు కాగితం ఏ స్థితిలో ఉంది అన్నదే. కళ్లు కాగితం మీద ఉంటే టెన్షన్ పడే తీరిక ఉండదు. అదే మేలో హైదరాబాద్‌లో వేసి చూడండి, ఫ్యాను కింద రెండు నిమిషాల్లో ఎండిపోతుంది, అక్కడ వేరే ఆట.

గోదారిగట్టు
ఒకటి అడుగుతాను. నాకు కొందరు ఊరి బొమ్మలు వేయించుకుంటారు. ఫలానా గుడి, ఫలానా ఇల్లు, ఫోటో పంపుతారు. పోలిక ఉండాలి. ఫోటో లేకుండా కుదరదు. అప్పుడేం చెయ్యాలి?

డల్లాస్_దీప
ఫోటో చూడండి, మూసెయ్యండి, వెయ్యండి. మళ్లీ తెరిచి ఏది మర్చిపోయారో చూడండి. మళ్లీ మూసి, కొత్త కాగితం. 19వ శతాబ్దంలో పారిస్‌లో లెకాక్ ద బ్వాబోద్రాన్ అనే టీచర్ ఇలా జ్ఞాపకం నుంచి వేయించడమే ఒక చదువుగా నడిపాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో శిల్పి రొదాఁ ఉన్నాడు. జ్ఞాపకంలో అనవసరమైనది జారిపోతుంది. కరెంటు తీగలు మీరు తీసెయ్యక్కర్లేదు, అవే గుర్తుండవు.

హయ్యర్‌పాస్_టీచర్
దీనికి ఒక అభ్యంతరం. జ్ఞాపకంలో జారిపోయేది ప్రతిసారీ అనవసరమైనదే కాదు. గుడి గోపురానికి ఎన్ని అంతస్తులో మర్చిపోతే ఊరివాళ్లు ఊరుకోరు. అలాంటివి పక్కన చిన్న చీటీ మీద అంకెల్లో రాసుకోవాలి. ఐదు అంతస్తులు, మూడు మెట్లు, ఎడమ వైపు రావి చెట్టు. చీటీ చూడొచ్చు, ఫోటో చూడకూడదు.

డల్లాస్_దీప
చీటీ ఐడియా నాకు కూడా కావాలి. తీసుకుంటున్నాను టీచర్ గారూ.

శాంతినికేతన్_సీనియర్
చాలా రోజుల తర్వాత ఇటు వచ్చాను. బెంగాల్ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ గురించి ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. శాంతినికేతన్ హిందీ భవన్ గోడల మీద 1947లో మధ్యయుగపు భక్త కవుల చిత్రం వేశాడు. తడి సున్నం మీద వేసే ఫ్రెస్కో. సున్నం ఆరేలోగా ఆ రోజు వాటా ముగించాలి. ఇంత పెద్ద గోడకి అందరూ పూర్తి సైజు నమూనా గీసుకుని దించుతారు. ఆయన దించలేదు, నేరుగా గోడ మీదే వేశాడు. మనుషులు నదిలా కదిలిపోతుంటారు, ఎక్కడా అతుకు కనిపించదు.
1950ల్లో కంటి ఆపరేషన్ తర్వాత ఆయనకు చూపు పూర్తిగా పోయింది. అయినా మానలేదు. కాగితాలు కత్తిరించి అతికించాడు, బొమ్మలు గీశాడు, 1972లో అక్కడి కళాశాల కళాభవన్‌లో టైల్స్‌తో పెద్ద మ్యూరల్ చేశాడు. జాగా ఎంత, ఏది దేని పక్కన ఉండాలి అన్నది చేతుల్లోకి దిగిపోయిన మనిషి. మన కొండపల్లి శేషగిరిరావు గారు కూడా అదే శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని వచ్చినవారే. అక్కడ ఎక్కడికి వెళ్లినా కార్డులు జేబులో ఉండేవి. నందలాల్ బాబు వేసిన పోస్టుకార్డు బొమ్మలు ఎన్నో ఉన్నాయి. మేక, తాడిచెట్టు, సంతాల్ స్త్రీ, ఏది కనిపిస్తే అది.
గోదారిగట్టు గారికి నేను చెప్పేది ఒక్కటే. మీ రఫ్‌ల సైజు, ఫైనల్ సైజు మధ్య దూరం తగ్గించండి. అరచేతి బొమ్మను ఒక్కసారిగా గోడంత చెయ్యకండి. పోస్టుకార్డు, తర్వాత నోట్‌బుక్ పేజీ, తర్వాత సగం షీటు. ప్రతి సైజులోనూ కొత్తగా వెయ్యండి, పెంచకండి. కుంచె కూడా దాంతో పాటే పెరగాలి. చిన్న రఫ్‌లో పెన్సిల్ మొన ఎంత లావుగా కనిపిస్తుందో, సగం షీటు మీద కుంచె అంత లావుగా కనిపించాలి. చాలామంది షీటు పెంచి కుంచె పెంచరు, ఊపు అక్కడే చచ్చిపోతుంది.

చార్కోల్_చిట్టి
కుంచె లావు సంగతి అద్భుతం మాస్టారూ. ఇది ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు.

నలుపుతెలుపు_నిజామాబాద్
ఇది నిజం. సున్నం వేసే బ్రష్‌తో వేసి చూడండి. మొహంలో కన్ను ముక్కు పట్టవు, వెలుగు నీడ మాత్రమే పడతాయి.

గోదారిగట్టు
నిన్న, ఇవాళ చేసి చూశాను. సున్నం బ్రష్ కాదు గానీ రెండంగుళాల ఫ్లాట్ బ్రష్. ఫోటో మూసేశాను, చీటీ మాత్రం ఉంచుకున్నాను. నీలం, బర్ంట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు), ఒక పసుపు, మూడు రంగులే. మూడింటినీ ముందే బాగా కలుపుకుని పెట్టుకున్నాను, మధ్యలో ట్యూబు మూతలు తిప్పే పని లేకుండా. పడవ వంపు ఒక్క దెబ్బలో వచ్చింది, బ్రష్ చివర్లో పొడిబారి గరుకుగా పడింది, అదే నీటి మీద వెలుగులా కనిపిస్తోంది. తాడు లాగే మనిషి మాత్రం ఇంకా చెక్కలానే ఉన్నాడు.

డల్లాస్_దీప
ఆ మనిషిని మీరే అవ్వండి. లేచి నిలబడి తాడు లాగినట్టు లాగండి, బరువు ఏ మడమ మీద పడుతోందో చూసుకుని వెంటనే వెయ్యండి.

ముగ్గు_మాధవి
ఇంట్లోవాళ్లు చూడకుండా లాగండి మరి.

తడి_కాగితం
పొడి బ్రష్ వెలుగును ముట్టుకోకండి. రేపు పొద్దున చూస్తే "ఇక్కడ కాస్త సర్దుదాం" అనిపిస్తుంది. సర్దాలనిపిస్తే కొత్త షీటు తీయండి.

పిక్సెల్_పాండు
మనిషి చెక్కలా ఉన్నాడని పడవ కూడా తీసెయ్యకండి అన్నా. ఫోటో పెట్టండి, చూస్తాం.

హయ్యర్‌పాస్_టీచర్
ఒక సంగతి. సోమవారం ఎనిమిదో తరగతికి రబ్బర్లు ఇంట్లో పెట్టి రమ్మన్నాను. వెనక బెంచీ అబ్బాయి ఒకడు ఎప్పుడూ గీసి చెరుపుతూ పీరియడ్ అయిపోగొట్టేవాడు. ఈసారి గేదె వేశాడు. కాళ్లు పొడుగయ్యాయి. చెరపడానికి లేదు కాబట్టి మోకాళ్ల దాకా నీళ్లు గీసి, చెరువులో నిలబెట్టాడు. మిగతావాళ్లలో ఇద్దరు మాత్రం ఏమీ గీయకుండా కూర్చున్నారు. చిట్టి గారూ, ఆ ఇద్దరికి ఏం చెయ్యాలో చెప్పండి.

చార్కోల్_చిట్టి
వాళ్లకి కాగితం చూడకుండా పక్కవాడి మొహం వెయ్యమనండి టీచర్ గారూ. అందరివీ వంకరగానే వస్తాయి, క్లాసంతా నవ్వుతుంది, భయం పోతుంది. అప్పుడు కూడా గీయకపోతే రబ్బరు ఇచ్చేయండి, వాళ్లకి ఇంకా టైముంది.

కాళాస్తి_కలం
లేదంటే లతలు ఇవ్వండి. అంచు లత ఎలా తిరిగినా తప్పు కాదు.